దస్తికి టికెట్

మొన్న రెండో శనివారం కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా చెల్లెలు ఎల్లారెడ్డిలో ఉంటుంది. ప్రతి నెలా రెండో శనివారం బస్టాండులో దిగి నేరుగా దాని ఇంటికి వెళ్తాను, ఆదివారం సాయంత్రం తిరిగి వస్తాను. రిటైరైనప్పటి నుంచి ఈ పద్ధతి మారలేదు. నా పక్కన ఒక కాలేజీ పిల్ల కూర్చుని ఫోన్లో ఏదో చూస్తోంది. చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకోనట్టుంది, శబ్దం బయటికే వస్తోంది. తాడ్వాయి దాటాక ఆ ఫోన్లోంచి ఒక ఆడమనిషి గొంతు ఖంగుమంది.

"దస్తికి టికెట్ దీస్కున్నవా? దీస్కుంటే సూపెట్టు, లేస్త."

పిల్ల పకపకా నవ్వింది. ముందు సీట్లోని ఇద్దరు వెనక్కి తిరిగి చూసి వాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాది. ఈ దారిలోనే, ఇలాంటి బస్సులోనే, కిటికీ పక్క సీటు గురించి ఒక పెద్దమనిషితో తగువు పడి అన్నాను. కండక్టరు విన్నాడు. విని ఊరుకోలేదు. దానికి వెల కట్టి, నా చేతిలో పెట్టి, తర్వాత కథలోకి తీసుకున్నాడు. నిరుడు కార్తీకంలో అతను పోయాడు. అతని కథ మాత్రం ఆ పిల్ల చేతిలో నడుస్తోంది.

అతని పేరు ఇక్కడ రాయను. రాయొద్దని అతను ఎప్పుడూ అనలేదు. పైగా పేరు కోసం కూడా కొంత కొట్లాడాడు. అది ఉండవలసిన చోట ఇప్పుడు ఉంది. నాకు చెప్పాలనిపించేది మనిషి గురించి.

ఎల్లారెడ్డి ట్రెజరీ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ నేను పొద్దున ఎనిమిదీ పది బస్సుకు వెళ్లేదాన్ని. వారంలో నాలుగు రోజులు ఆ బస్సు అతనిదే. పొడుగు మనిషి. బస్సులో నిలబడితే తల కొంచెం వంచాల్సి వచ్చేది. అలా వంచి వంచి, కింద దిగినా వంచే నడిచేవాడు. పెన్ను కుడిచెవి మీద ఉండేది. ఖాకీ చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. అందులో డబ్బు ఉండేది కాదు, టికెట్ మిషనులో రోలు అయిపోవచ్చినప్పుడు మిగిలే తోక కాగితాలు ఉండేవి. ఎర్రగీత పడిన ఆ ముక్కల మీదే రాసుకునేవాడు. కూర్చుని రాయడం అతనికి చేతకాదు. లింగంపేటలో బస్సు ఆగి, సీటు ఖాళీ అయినా, స్తంభాన్ని ఆనుకుని నిలబడే రాసేవాడు.

అప్పట్లో బడి పండుగలకు చిన్న చిన్న నాటికలు రాసిచ్చేవాడు. రాసిన మాట పండుతుందో లేదో చూసుకోవడానికి బస్సునే వాడుకునేవాడు. ముందురోజు రాసుకున్న మాటను ఏమీ ఎరగనట్టు ఎవరో ఒకరి మీద వేసేవాడు. అత్తాకోడళ్లు వేర్వేరు సీట్లలో కూర్చుంటే, "ఏందే అవ్వ, ఇంట్ల గూడ ఇట్లనేనా, కోడలు కిటికీ కాడ, నువ్వు ఇంజన్ మీద?" అనేవాడు. బస్సు నవ్విందా, పెన్ను తీసి టిక్కు పెట్టేవాడు. నవ్వలేదా, అక్కడే కొట్టేసేవాడు. చాలా రోజులు అది ఏదో డ్యూటీ లెక్క అనుకున్నాను.

సీటు తగువు ఒక సోమవారం జరిగింది. కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం మా దారిలో మామూలు. నేను లోపలికి వచ్చేసరికి ఆ సీటులో ఒక దస్తి పడి ఉంది, మనిషి లేడు. తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. కాసేపటికి ఆ దస్తి వేసిన పెద్దమనిషి సిగరెట్టు ముగించుకుని వచ్చి, లేవమన్నాడు. నేను ఆ మాట అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన ఎల్లారెడ్డి దాకా నిలబడే వచ్చాడు.

మర్నాడు టికెట్ కోసం వంద నోటిచ్చాను. అతను టికెట్ ఇచ్చి, నా నోటు నాకే తిరిగి ఇచ్చాడు. నేను చిల్లర లెక్క చూడకుండా సంచిలో వేసుకునే మనిషిని కాను. వెనక్కి పిలిచాను.

"పైసలు దీస్కోలేదు మీరు."

"సరిగ్గనే ఉన్నది మేడం. నిన్న మీరొక మాటన్నరు. అది నేను దీస్కున్న. మీ టికెట్ పైసలు నా జేబులకెల్లి బ్యాగుల ఏసిన. చెకింగోళ్లొచ్చినా లెక్క కలుస్తది."

"మాటకు పైసలేంది?"

"ఊకెనే ఎట్ల దీస్కుంట మేడం? వద్దంటే చెప్పుండ్రి. ఆ మాట కొట్టేస్త."

నిజంగానే చెవి మీది పెన్ను తీశాడు. కొట్టేస్తాడని అర్థమై, నోటు సంచిలో పెట్టుకున్నాను. జీతం కాకుండా నేను సంపాదించిన మొదటి డబ్బు అదే. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. మాట తీసుకున్న ప్రతి మనిషికీ ఆ రోజు టికెట్ అతనే పెట్టేవాడు. కొందరు ఇది తెలిసి ఎక్కగానే ఏవేవో వాగేవాళ్లు. వాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసి, "ఇది నడ్వది బాపు, ఇంకోటి తే" అని ముందుకు జరిగేవాడు.

ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం పైన శ్రీకాంత్ అనే అతనికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీసేవాడు. ఫోన్లో చూసే ఛానెల్ ఒకటి పెట్టి, ఇతని చేత కథలు రాయించి, ఊళ్లోవాళ్లనే వేషాలకు పెట్టి తీయడం మొదలుపెట్టాడు. జనం విరగబడి చూశారు. ఒక కథను చూసినవాళ్లు లక్షలు దాటారని స్టూడియోలో కేకు కోశారు. రాసినవాడికి ఏమిచ్చాడని నేను అడిగాను.

"కేకు ముక్క ఇచ్చిండు. శాలువ గప్పిండు."

"శాలువాకు రసీదు ఉండదు," అన్నాను.

అతను నవ్వి పెన్ను తీశాడు. ఆ రోజు కూడా నా టికెట్ అతనే పెట్టాడు.

ఒక్కో కథకు ఒక శాలువా, ఎప్పుడైనా చేతిలో రెండు మూడు వేలు. మోసం చేయాలని శ్రీకాంత్ అలా చేశాడని నేను అనను. కెమెరాకు అప్పు తెచ్చాడు. ప్రకటనల డబ్బు ఎంత వచ్చేదీ, ఎంత పోయేదీ అతనికే సరిగ్గా తెలిసేది కాదు. కథకు విడిగా డబ్బు ఉంటుందనే ఆలోచన అక్కడ ఎవరికీ లేదు. ఇతనికీ లేదు, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చేదాకా.

అది వచ్చిన కొత్తలో నేను రిటైరై, నెలకోసారి మాత్రం ఆ బస్సెక్కుతున్నాను. ఒక ముసలామె సున్నా రూపాయల టికెట్ తీసుకోనని మొండికేసింది.

"పైసలు లేని టికెట్ నాకెందుకురా? నెత్తికి చుట్టుకోవాల్నా?"

"నువ్వు టికెట్ దీస్కోకుంటె నువ్వు ఎక్కనట్టే అవ్వా."

"ఎక్కకుంటె గీడ కూసున్నది నా దయ్యమా?"

"నీ పైసలు సర్కారు కడ్తది. టికెట్ తెగకుంటె దేన్ని జూసి కడ్తది? నీకు ఫ్రీ గని, బస్సుకు ఫ్రీ గాదు."

ముసలామె టికెట్ తీసుకుని చీర కొంగున కట్టుకుంది. ఆమె దయ్యం మాటకు అతను టికెట్ పెట్టాలి, కాని టికెట్టే సున్నా. చిక్కులో పడ్డాడు. లింగంపేటలో దిగి పల్లీల పొట్లం కొని ఆమె ఒడిలో పెట్టాడు. తర్వాత నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, ఫోన్ల మన కథలు సూసెటోళ్లు గూడ పైసలియ్యరు గద."

"ఇవ్వరు. ప్రకటనలోళ్లు ఇస్తరు."

"అంటె ఆడ గూడ జీరో టికెట్ తెగుతున్నది. ఎవలో కడ్తున్నరు. నా బండికే కడ్తలేరు."

అప్పటి నుంచి కథకు వాటా, తెర మీద పేరు కావాలని పట్టు పట్టాడు. నిరుడు వానాకాలంలో అది తెగేదాకా వచ్చింది. దస్తి కథను పది భాగాలుగా రాసి తీశారు. బస్సు కిటికీలోంచి విసిరిన ఒక దస్తి ఎన్ని ఇళ్లలో తగువు పెట్టిందన్నది కథ. హైదరాబాదులో ఒక యాప్ కంపెనీ దాన్ని కొంటానంది. ఒప్పందం కాగితాల మీద రచయిత సంతకం కావాలి. అవి చదివి పెట్టమని అతను నాకు ఫోన్ చేశాడు. రెండో శనివారం కాబట్టి ఎలాగూ ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. సాయంత్రం స్టూడియో మెట్లెక్కాను.

శ్రీకాంత్, అతను, కథలో పెద్ద వేషం కట్టిన మణెమ్మ ఉన్నారు. మణెమ్మ బీడీలు చేసుకుని బతికే మనిషి. దస్తి మాట తెర మీద పలికింది ఆమే. కంపెనీ డబ్బు వస్తే వేషాలు కట్టినవాళ్లకు బాకీలు తీరుస్తానని శ్రీకాంత్ మాటిచ్చాడు. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చుంది.

కాగితాలు చదివాను. రచయితకు గుత్తగా, ఒక్కసారికే, రెండు లక్షలు. ఆ పైన ఇప్పుడున్న, ముందు ముందు రాబోయే ఏ పద్ధతిలో చూపించినా, ఎన్నేళ్లు చూపించినా, ఏ భాషలోకి మార్చినా అతనికి ఏమీ రాదు. పేరు వేయడం కంపెనీ ఇష్టం. ఉన్నదున్నట్టు చెప్పాను. అతని చేతికి రెండు లక్షలు ఒక్కసారిగా ఎప్పుడూ వచ్చి ఉండవు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. ఉండేది కిరాయి ఇల్లు.

"ఎన్నేండ్లు నడుపుతరు?" అన్నాడు.

"వాళ్లిష్టమే అన్నా. ఎప్పటికీ," అన్నాడు శ్రీకాంత్.

"ఎప్పటికీ నడిచేదానికి గుత్త ఏందిరా?"

శ్రీకాంత్ ముఖం ఎర్రబడింది. కంపెనీవాళ్లు సోమవారం దాకానే ఆగుతామన్నారని చెప్పాడు. కాగితాలు సర్దుతూ, మెల్లగానే, గట్టి మాట అన్నాడు.

"ముప్పయ్యేండ్లు టికెట్లు కొట్టినవ్ గదనే. నీకు జీతమిచ్చిండ్రా, టికెట్ మీద ఇంత అని ఇచ్చిండ్రా?"

నేను కాగితం మీది నుంచి తలెత్తాను. అతను బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటూ నిలబడ్డాడు, కట్టలోంచి టికెట్ విడదీస్తున్నట్టు.

"జీతమే ఇచ్చిండ్రు. బస్సు నిండినా ఇచ్చిండ్రు, ఖాళీగ వచ్చినా ఇచ్చిండ్రు. నువ్వియ్యి మరి. నెలనెల జీతమియ్యి, పీఎఫ్ కట్టు, ముసలోణ్ణయినంక పింఛనియ్యి. గుత్త అడగ, పాలు అడగ, నీకు రాసుకుంట కూసుంట. ఇస్తవా?"

శ్రీకాంత్ సర్దిన కాగితాలనే మళ్లీ సర్దాడు.

"ఇయ్యలేవు. అంటె ఈడ నేను కండక్టర్ని గాదు. అద్దె బస్సు ఓనర్ని. మా డిపోల అద్దె బస్సులున్నయి గద, ఓనర్లకు ఎట్ల ఇస్తరు? తిరిగిన కిలోమీటర్లకు ఇస్తరు. ఒక్కపారి ఇంత పారేస్తం, బస్సును ఎప్పటికీ మేమే తిప్పుకుంటమంటె ఏ ఓనరన్న తాళంచెవి ఇస్తడా?"

"బస్సుకు డీజిల్ గావాలె, టైర్లు గావాలె. కథకేం గావాలె?"

"మనుషులు గావాలె. వాళ్ల మాటకు టికెట్లు వెట్టిన నేను."

మణెమ్మ కత్తెర ఆపింది. "నీ బస్సు ముచ్చట మంచిగున్నదన్నా," అంది. "మేమందరం ఆ బస్సుల కూసోనే ఉన్నం. నువ్వు తోల్తలేవు, మమ్ముల దిగనిస్తలేవు."

అతని చేయి చెవి మీది పెన్ను వైపు లేచింది. ముప్పయ్యేళ్ల అలవాటు అది, అతను పంపింది కాదు. చేయి మధ్యలో ఆగిపోయింది. మణెమ్మ అది చూసింది.

"రాస్కో అన్నా," అంది. "దీనికి గూడ టికెట్ వెడ్తవా?"

అతను చేయి దించేశాడు. సంతకం పెట్టకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆకులు వంకరగా తెగుతున్నాయి.

సోమవారం గడిచింది. కంపెనీవాళ్లు గడువు పెంచారు, మళ్లీ పెంచారు. పది భాగాలకూ కథ అతనిదే కాబట్టి వదులుకోనూ లేకపోయారు. ఊళ్లో మాత్రం మాటలు లేచాయి. వేషాలు కట్టినవాళ్లు అతని బస్సే ఎక్కేవాళ్లు, వేరే దారి లేదు. ఆడవాళ్లు చేయి చాపి సున్నా టికెట్ తీసుకుని కిటికీ బయటికి చూసేవాళ్లు. మగవాళ్లు సరిగ్గా చిల్లర ఇచ్చేవాళ్లు, ఒక్క మాట కూడా ఎక్కువ ఆడేవాళ్లు కాదు. అతను ఎవరి మీద ఏ మాట వేసినా బస్సు నవ్వడం మానేసింది. ఆశ్వయుజంలో నేను వెళ్లినప్పుడు చూస్తే అతని జేబు చదునుగా ఉంది. తోక కాగితాలు లేవు.

లింగంపేటలో బస్సు ఆగినప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అతను కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

"తప్పు జేస్తున్ననా మేడం?"

తేలిక మాట చెప్పడం నాకు రాదు. "రెండు లక్షలు చేతికొచ్చే పైసలు," అన్నాను. "మీరు అడిగేది రావచ్చు, రాకపోవచ్చు. లెక్క ప్రకారం సంతకం పెట్టుడే మేలు. న్యాయం ప్రకారం మీరన్నది సరైంది. ఆ రెండిటినీ ఒక్క కాగితం మీద కూడుడు నాతోని అయితలేదు."

అతను నన్ను చూసి, చాలాకాలం తర్వాత, పాత నవ్వు నవ్వాడు.

"ఈ మాటకెంత మేడం?"

"దీనికి వద్దు."

దిగి వెళ్లి పల్లీల పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. వద్దంటే ఏం చేస్తాడో నాకు తెలుసు కాబట్టి తీసుకున్నాను. అతన్ని చూడటం అదే చివరిసారి. కార్తీకంలో ఒక సోమవారం డ్యూటీ దిగి, డిపోలో డబ్బు అప్పజెప్పి, రసీదు తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. పాడె పట్టినవాళ్లలో శ్రీకాంత్ ఉన్నాడని విన్నాను.

పెద్దకర్మ అయ్యాక అతని భార్య సాయవ్వ ఫోన్ చేసింది. శ్రీకాంత్ కాగితం తెస్తున్నాడట, నన్ను రమ్మంది. ఆ కిరాయి ఇంటికి నేను వెళ్లడం మొదటిసారి. రెండు గదులు. కిటికీలకు, వాకిలికి, బట్టల దండేనికి అడ్డంగా శాలువాలు పరదాలుగా వేలాడుతున్నాయి. జరీ అంచులు ఎండకు వెలిసి ఉన్నాయి. సాయవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. శ్రీకాంత్ చెప్పులు బయట విడిచి వచ్చి, చాప చివర కూర్చున్నాడు.

కంపెనీ గుత్తను మూడు లక్షలకు పెంచింది. మిగతా మాటలన్నీ అవే. ఇదే ఆఖరు, కాదంటే వాళ్లు ఇంకో కథ చూసుకుంటారని శ్రీకాంత్ చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు తలెత్తలేదు.

నేను రెండు విధాలా లెక్క వేసి చెప్పాను. మూడు లక్షలు బ్యాంకులో వేస్తే నెలకు ఎంత వడ్డీ వస్తుందో చెప్పాను. కిరాయికి ఎంత పోతుందో చెప్పాను. చూసినవాళ్లను బట్టి డబ్బు అడిగితే, జనం చూడకపోతే ఏమీ రాదని, చూసినా కొద్దికొద్దిగానే వస్తుందని చెప్పాను. నేను చెప్పేది ఆమెను భయపెడుతుందని తెలుసు. అయినా తగ్గించి చెప్పలేదు.

"ఆయనుంటె ఏం జేస్తుండెనో నాకెర్కనే," అంది సాయవ్వ. "నేనేం జేయాలె మేడం?"

"అది నేను చెప్పలేను సాయవ్వా. రేపు ఇబ్బంది పడేది నువ్వు."

ఆమె కాగితాన్ని పక్కకు జరిపింది. తర్వాత శ్రీకాంత్ వైపు తిరిగింది.

"శ్రీకాంతూ. కొత్తగ స్టూడియో వెట్టినప్పుడు ఫోటోలు కడిగించనీకి కామారెడ్డికి పోతుంటివి గద."

"పోతుంటి పెద్దమ్మా."

"నీకెన్నిసార్లు టికెట్ వెట్టిండు?"

శ్రీకాంత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "మస్తుసార్లు. యాదికి లేదు."

"నాకు యాదికున్నది. ఇంటికొచ్చి చెప్పెటోడు. ఇయ్యాల ఫోటోల పిలగాడు ఒక మాటన్నడు, మంచిగున్నది, టికెట్ వెట్టిన అని. నీ మాట ఊకెనే దీస్కోలే ఆయన. ఆయన మాట నన్ను గుత్తకు ఇయ్యమంటున్నవ్."

శ్రీకాంత్ లేచాడు. కోపంతో వెళ్లిపోతున్నాడనుకున్నాను. వాకిట్లో నిలబడి ఫోన్ తీశాడు. శాలువా పరదా అవతల అతని నీడ అటూ ఇటూ తిరుగుతోంది. మొదట సార్, సార్ అని మాత్రమే వినిపించింది. అవతలివాళ్లు గట్టిగా మాట్లాడుతున్నట్టుంది. సాయవ్వ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. మూడు లక్షలు ఆ వాకిట్లో ఉన్నాయి, పోతున్నాయో వస్తున్నాయో మా ఇద్దరికీ తెలియదు. ఉన్నట్టుండి శ్రీకాంత్ గొంతు హెచ్చింది.

"కాదు సార్. జీతం వేరు సార్. మీరు జీతమిస్తున్నరా? అద్దె బస్సు అనుకోండి సార్. బస్సు. తిరిగినన్ని కిలోమీటర్లకు ఇస్తరు..."

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పోయిన తర్వాత ఆమె అప్పుడు ఏడ్చినట్టు ఎప్పుడూ ఏడ్చి ఉండదు. బయటికి ఒక్క శబ్దం రానివ్వలేదు.

శ్రీకాంత్ లోపలికి వచ్చాడు. చొక్కా వీపు తడిసి ఉంది. ముందు లక్ష ఇస్తారట. ఆ తర్వాత చూసినవాళ్లను బట్టి మూడు నెలలకోసారి లెక్క పంపుతారట. పేరు మొదట్లోనే వేస్తారట.

"ఖర్చులు పోయినంకనా, పోకముందా?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. ఖర్చులు పోను అని రాస్తే, ఖర్చులు ఎప్పటికీ పోవని చెప్పాను. నేను ట్రెజరీలో అలాంటి కాగితాలు చాలా చూశాను. మళ్లీ వాకిట్లోకి వెళ్లాడు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. ఒకసారి మాట తెగిపోయింది, మళ్లీ కలిపాడు. చివరికి ఒక్కో చూపుకు ఇన్ని పైసలని, ఖర్చులతో సంబంధం లేకుండా రాస్తామన్నారు. మర్నాడు మాట మారుస్తారేమోనని నేను వారమంతా అనుమానపడ్డాను. మార్చలేదు. కొత్త కాగితం వచ్చింది. రెండుసార్లు చదివాక సాయవ్వ చేతికిచ్చాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెన్ను శ్రీకాంత్‌కు తిరిగి ఇస్తూ, "ముందుగాల మణెమ్మోళ్లకు ఇయ్యి," అంది.

మొదటి మూడు నెలల లెక్క వచ్చింది. కూడి చూశాను. ఆ మూడు లక్షల్లో వదులుకున్న రెండు లక్షలు ఈ తీరుగా చేరడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆమెతో అదే చెప్పాను, తగ్గించలేదు, పెంచలేదు.

"వట్టనీయుండ్రి మేడం," అంది. "నడుస్తున్నది గద."

బస్సు ఎల్లారెడ్డి దగ్గరికి వస్తోంది. పక్కనున్న పిల్ల చూసే భాగం అయిపోవచ్చింది. కాసేపు ఆగి, వేలితో బొమ్మను వెనక్కి జరిపింది. మణెమ్మ మళ్లీ సీటులో కదలకుండా కూర్చుని, దస్తికి టికెట్ తీసుకున్నావా అని అడిగింది. పిల్ల మళ్లీ నవ్వింది. ఇంకోసారి వెనక్కి జరిపింది.

నాకు అనుమానం వచ్చింది. ఇలా వెనక్కి జరిపి చూస్తే అది ఒక్క చూపా, మూడా? ఒప్పందంలో ఆ సంగతి ఎక్కడా లేదు. రెండుసార్లు చదివినా నాకు తట్టలేదు. చూస్తే ఒక చూపు, ఎక్కితే ఒక టికెట్ అనుకున్నాను, అంతే. అతనైతే మూడు టికెట్లు కొట్టేవాడు.

బస్టాండులో దిగాను. చెల్లెలు అన్నం వడ్డించి ఎదురుచూస్తూ ఉంటుందని తెలుసు. అయినా ఆ శనివారం నేరుగా దాని ఇంటికి పోలేదు. ఎరువుల దుకాణం పక్క నుంచి స్టూడియో మెట్లెక్కాను.